పని మీది, లెక్కా మీదే: కూలీ వేతనాలపై పాఠకుల ప్రశ్నలు, జవాబులు

కూలి రేట్ల మీద గోదావరి జిల్లాల నుంచి వచ్చిన ఉత్తరాల్లో ఆరింటికి ఈ సంచికలో జవాబులు ఇస్తున్నాం. రాసినవారి పేర్లు వేయడం లేదు. 2025 నవంబరు 21 నుంచి కొత్త లేబర్ కోడ్‌లు (కార్మిక చట్టాలు) అమల్లోకి వచ్చాయి. జవాబులు చాలావరకు వాటి ప్రకారమే రాశాం.

*ప్రశ్న: భీమవరం దగ్గర రొయ్యల ప్లాంటులో తలలు తీసే పనికి మా ఊరి నుంచి ముప్పై మంది ఆడవాళ్లం వెళ్తున్నాం. కూలి కిలో లెక్కన ఇస్తారు. చిన్న రొయ్య వచ్చిన రోజు ఎంత గింజుకున్నా గిట్టదు. సరుకు లేని రోజు మధ్యాహ్నం దాకా కూర్చోబెట్టి, సగం కూలి చేతిలో పెట్టి పంపేస్తారు. గట్టిగా అడిగితే 'మీరు మేస్త్రీ మనుషులు, కంపెనీకి సంబంధం లేదు' అంటారు. అమెరికా సుంకాలు పెరిగాయని ఉన్న రేటు కూడా తగ్గించారు. మాకు ఏ దారీ లేదా?*

— ఒక సోదరి, భీమవరం మండలం

జవాబు: ఉందమ్మా. ముందు కౌంటు లెక్క చూద్దాం, అసలు నష్టం అక్కడే ఉంది. 40 కౌంటు అంటే కిలోకు 40 రొయ్యలు, 100 కౌంటు అంటే 100. రొయ్య చిన్నదైనా పెద్దదైనా తల తీయడానికి చెయ్యి కదిలేది ఒకే మాదిరి. గంటకు 900 తలలు తీసే చెయ్యి అనుకుందాం. 40 కౌంటులో గంటకు 22.5 కిలోలు తెగుతుంది, 100 కౌంటులో 9 కిలోలే. రెండింటికీ కిలోకు 3 రూపాయలే ఇస్తే 8 గంటలకు మొదటి రోజు 540 వస్తుంది, రెండో రోజు 216. పడ్డ కష్టంలో మాత్రం తేడా లేదు.

చట్టం చెప్పేది సూటిగా ఉంది. పీసు రేటు మీద పనిచేసినా, ఆ పనికి ప్రభుత్వం నిర్ణయించిన రోజు కనీస వేతనం కన్నా తక్కువ ఇవ్వకూడదు. కనీస వేతనం రోజుకు 450 అనుకుంటే (ఇది లెక్క కోసం తీసుకున్న అంకె మాత్రమే, మీ పనికి ఇప్పుడు నడుస్తున్న రేటును సహాయ కార్మిక అధికారి ఆఫీసులో అడిగి రాసుకోండి), ఆ 216 వచ్చిన రోజున మరో 234 మీకు బాకీ ఉన్నట్టే. కాబట్టి కిలో రేటును కౌంటు వారీగా అడగండి. గంటకు 56 రూపాయల 25 పైసలు పడాలంటే 40 కౌంటుకు కిలో రెండున్నర చాలు, 100 కౌంటుకు 6 రూపాయల 25 పైసలు ఉండాలి. చదువు రానివాళ్లకు కూడా అర్థమయ్యే లెక్క ఇది. దీన్ని ఒక కాగితం మీద వేసి మేనేజరు ముందు పెట్టండి.

తూకం ఎప్పుడు వేస్తున్నారో కూడా గమనించండి. తలతో ఉన్న వంద కిలోల సరుకు తల తీశాక సుమారు 65 కిలోలకు దిగుతుంది. రేటు మాట్లాడేది తలతో ఉన్న సరుకుకు, కాటా పెట్టేది తల తీసిన సరుకుకు అయితే మీ కూలిలో మూడో వంతు అక్కడే పోతుంది.

సరుకు రాని రోజు సంగతి: రోజు లెక్కన కనీస వేతనం నిర్ణయమైన పనిలో, మీరు పనికి సిద్ధంగా వచ్చి యజమాని పని చూపించలేకపోతే పూర్తి రోజు కూలి ఇవ్వాలి. మీ అంతట మీరు పని వద్దనుకుంటేనే దీనికి మినహాయింపు. సరుకు లేదని ముందు రోజు సాయంత్రమే చెప్పి బస్సు పంపకుండా ఉండటం వేరు, పిలిపించి కూర్చోబెట్టడం వేరు. గేటు లోపల కూర్చున్న గంటలు పని గంటలే.

మేస్త్రీ విషయం. కూలి చెల్లించాల్సింది మొదట కాంట్రాక్టరే. అతను ఎగ్గొడితే ఆ సంస్థ యజమానే చెల్లించాలి. తర్వాత కాంట్రాక్టరు బిల్లులోంచి పట్టుకోవడం వాళ్లిద్దరి వ్యవహారం. 'కంపెనీకి సంబంధం లేదు' అనే మాట చట్టం ముందు నిలబడదు.

ఇక సుంకాల మాట. 2025 ఆగస్టులో అమెరికా మన సరుకు మీద 50 శాతం దాకా సుంకం వేసినప్పుడు ఎగుమతిదారులకు గట్టి దెబ్బే తగిలింది, కాదనలేం. కనీస వేతనం కన్నా పైన ఇచ్చే భాగం గురించి బేరం ఆడవచ్చు. కనీస వేతనాన్ని మాత్రం ఏ మార్కెట్టు పేరు చెప్పీ తగ్గించడానికి లేదు. కంపెనీకి లాభం లేని ఏడాది కూడా అది చెల్లించి తీరాలి.

ఇప్పుడు చేయాల్సిన పని. ముప్పై మందిలో నలుగురు రోజూ నోటుబుక్ రాయాలి: తేదీ, గేటు లోపలికి వెళ్లిన టైము, బయటికి వచ్చిన టైము, కౌంటు, కిలోలు, చేతికొచ్చిన డబ్బు, ఎవరిచ్చారు. కూలి ఫోన్‌పేలో పడితే ఆ మెసేజీ చెరిపేయకండి. ఖాళీ ఓచరు మీద సంతకం గానీ వేలిముద్ర గానీ వేయకండి. చాలా కేసులు చెడేది ఇక్కడే. పని చేసింది 26 రోజులైతే రిజిస్టరులో 15 రోజులే రాసి, రోజు కూలి సరిపోయినట్టు చూపించే సంతకం మీ చేతే పెట్టిస్తారు. రెండు నెలల లెక్క చేతికొచ్చాక కంపెనీకీ మేస్త్రీకీ కలిపి ఒక ఉత్తరం ఇచ్చి, రెండో కాపీ మీద అందినట్టు ముద్ర వేయించుకోండి. కదలిక లేకపోతే సహాయ కార్మిక అధికారిని కలిసి క్లెయిము వేయండి. ముప్పై మందీ ఒకే దరఖాస్తు పెట్టుకోవచ్చు, యూనియన్ తరఫున కూడా పెట్టవచ్చు. గడువు మూడేళ్లు. కూలి చెల్లించామని రుజువు చేసుకునే బాధ్యత యజమానిదే. బకాయితో పాటు దానికి పది రెట్ల దాకా పరిహారం వేసే అధికారం క్లెయిము విచారించే అధికారికి ఉంది.

ఒక్కరుగా మాత్రం వెళ్లకండి. ఒక్కరు వెళ్తే మర్నాడు బస్సులో వాళ్లకు సీటు ఉండదు.

*ప్రశ్న: పాలకొల్లులో బట్టల షాపులో సేల్స్‌లో ఉన్నాను. మొత్తం 14 మందిమి. జీతం 18వ తేదీకో 20వ తేదీకో ఇస్తారు. ఒక రోజు సెలవు పెడితే రెండు రోజుల జీతం కోస్తారు. చీర మీద మరక పడితే ఆ రోజు కౌంటరులో ఉన్నవాళ్ల మీద వేస్తారు. ఇది న్యాయమేనా?*

— పాలకొల్లు పాఠకుడు

జవాబు: కాదు. నెల జీతం మర్నెల 7వ తేదీ లోపు అందాలి. ఒక రోజు రాకపోతే ఒక రోజు జీతమే కోయాలి. సరుకు పాడైతే, అది మీ చేతుల్లో ఉండి మీ నిర్లక్ష్యం వల్లే పాడైందని తేలాలి, కోసే ముందు మీ మాట వినాలి. 'అందరికీ తలా కొంచెం' అని పంచడానికి వీల్లేదు. జరిమానా పేరుతో కోసేది నెల జీతంలో 3 శాతం దాటకూడదు. అన్ని కోతలూ కలిపినా జీతంలో సగం దాటకూడదు. మానేసినా, తీసేసినా రెండు పని దినాల్లో లెక్క తేల్చి ఇవ్వాలి. 14 మంది ఉన్నారంటే మీ షాపు ఈఎస్ఐ (ఉద్యోగుల వైద్య బీమా) లెక్కలోకి వస్తుంది, అక్కడ 10 మంది చాలు. మీ జీతం 21,000 లోపు ఉంటే మీ వాటా 0.75 శాతమే, యజమాని వాటా 3.25 శాతం. కార్డు వచ్చిందో లేదో అడగండి. ఇంట్లో ఒక్క ఆపరేషన్ అవసరమైతే దాని విలువ తెలుస్తుంది.

*ప్రశ్న: నరసాపురం దగ్గర పల్లెలో మేము ఇంట్లోనే లేసు అల్లుతాం. ఏజెంటు దారం ఇస్తాడు, డిజైను ఇస్తాడు, ముక్కకు ఇంత అని ఇస్తాడు. ఎక్కువ అడిగితే 'పక్క ఊరిలో ఇంకా తక్కువకే అల్లుతున్నారు' అంటాడు. అల్లికకు సరైన రేటు ఎలా కట్టాలి?*

— లేసు అల్లే ఒక తల్లి

జవాబు: మీ శ్రమకు గడియారం లేకపోవడం వల్లే ఏజెంటు మాట చెల్లుతోంది. వంట మధ్యలో, పిల్లల మధ్యలో అల్లుతారు కాబట్టి ఒక ముక్కకు ఎన్ని గంటలు పట్టిందో మీకే తెలియదు. ముందు అది తెలుసుకోండి. ఊరిలో అందరికన్నా వేగంగా అల్లే ఆవిడను పెట్టుకుని కొలవకండి, మధ్యరకం వేగం ఉన్నావిడను ఎంచుకోండి. కొత్త డిజైను ఇచ్చిన రోజున వేరే పని పెట్టుకోకుండా మూడు ముక్కలు అల్లించి టైము రాయండి. మొదటి ముక్క డిజైను నేర్చుకోవడానికే పోతుంది కాబట్టి రెండు, మూడు ముక్కల సగటు తీసుకోండి. ముక్కలు కలిపి కుట్టడం, కొసలు కత్తిరించడం, ఉతికి ఇస్త్రీ చేయడం మీ చేతే చేయిస్తే ఆ సమయాన్ని కూడా కలపండి. మొత్తం గంటలను గంట కూలితో హెచ్చిస్తే ఆ ముక్క రేటు వస్తుంది.

గంటకు 50 రూపాయలు అనుకుంటే, గంటా ఇరవై నిమిషాలు పట్టే ముక్కకు సుమారు 67 రూపాయలు పడాలి. 20 ఇస్తున్నారంటే మీకు గంటకు 15 పడుతున్నట్టు. ఈ అంకె తెలిశాక బేరం తీరే మారిపోతుంది.

దారం తూచి తీసుకోండి, తూచి అప్పగించండి. రెండు తూకాలూ ఏజెంటు పుస్తకంలోనూ మీ పుస్తకంలోనూ ఎక్కాలి. తరుగుకు ఎంత వదులుతారో ముందే మాట్లాడుకోండి, లేకపోతే తరుగు పేరుతో కూలి కోస్తారు. నచ్చలేదని పక్కన పెట్టిన ముక్కను మీకు తిరిగి ఇవ్వాలి. డబ్బూ ఇవ్వక, ముక్కా ఇవ్వక, దాన్నే వేరే చోట అమ్ముకుంటే అది మోసమే.

ఇంటి దగ్గర పని చేసేవాళ్లకు చట్టం అండ ఫ్యాక్టరీ కూలీకి ఉన్నంత గట్టిగా లేదు, ఈ మాట దాచడం మంచిది కాదు. అందుకే మీ బలమంతా పక్క ఊరితో కలవడంలోనే ఉంది. నాలుగైదు ఊళ్ల డ్వాక్రా సంఘాలు ఒకే డిజైనుకు ఒకే రేటు అని రాసుకుంటే 'పక్క ఊరు' అనే బెదిరింపు పనికిరాదు. నరసాపురం లేసుకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఆ పేరు వాడుకునే హక్కు కోసం అల్లేవాళ్లు కూడా అధీకృత వినియోగదారులుగా నమోదు కావచ్చు. సంఘంగా నమోదైతే ఏజెంటు లేకుండా ఎగుమతిదారుతో మాట్లాడే దారి దొరుకుతుంది.

*ప్రశ్న: అంబాజీపేట దగ్గర కొబ్బరి పీచు యూనిట్ నడుపుతున్నాను. 22 మంది పనివాళ్లు. నెలకు 12,000 దాకా ఇస్తున్నాను. పెంచమంటున్నారు, పెంచాలనే నాకూ ఉంది. కొనేవాడు ధర పెంచడు. పీఎఫ్ లేకుండా ఉండాలంటే యూనిట్‌ను రెండు పేర్ల మీద చూపించమని ఒకరు సలహా ఇచ్చారు. ఏం చేయమంటారు?*

— ఒక యజమాని, కోనసీమ

జవాబు: ఆ సలహా వినకండి. ఒకే ఆవరణ, ఒకే కరెంటు, ఒకే మేనేజరు, అటూ ఇటూ తిరిగే పనివాళ్లు ఉంటే రెండు పేర్లు పెట్టినా పీఎఫ్ శాఖ ఒకే సంస్థ కిందే లెక్కకడుతుంది. అప్పుడు వెనకటి బకాయి, వడ్డీ, నష్టపరిహారం కలిపి ఒకేసారి మీద పడతాయి. పనివాడి వాటా కూడా మీ జేబులోంచే పోతుంది, ఎందుకంటే పాత నెలలది ఇప్పుడు అతని జీతంలో కోయడానికి వీల్లేదు.

మీరు 12,000 ఇస్తున్నాను అంటున్నారు గానీ, చట్ట ప్రకారం ఆ మనిషికి మీకయ్యే ఖర్చు అది కాదు. పీఎఫ్‌లో మీ వాటా 12, బీమా, నిర్వహణ చార్జీలు కలిపి 13 శాతం: 1,560. ఈఎస్ఐ 3.25 శాతం: 390. బోనస్ 8.33 శాతం: 1,000. గ్రాట్యుటీకి నెలనెలా పక్కన పెట్టాల్సింది 4.81 శాతం: 577. మొత్తం 15,527. చిన్న యజమానులు చాలామంది ధర కోట్ చేసేటప్పుడు 12,000 వేసుకుంటారు, తర్వాత పీఎఫ్, బోనస్ దగ్గర చేతులెత్తేస్తారు. పనివాడి హక్కు పోయేది ధర ఒప్పుకున్న ఆ రోజునే.

నెలకు 60 టన్నుల పీచు తీస్తున్నారనుకుందాం. 22 మందికీ కలిపి నెలకు 3,41,594 అవుతుంది, అంటే కిలోకు 5 రూపాయల 69 పైసలు. ఇప్పుడు రోజుకు 50 రూపాయలు పెంచండి. 26 రోజులకు 1,300, పై ఖర్చులతో 1,682, 22 మందికి 37,005. కిలో మీద పడేది 62 పైసలు. మీ అసలు అంకెలు పెట్టి ఇదే లెక్క వేయండి. కొనేవాడితో మాట్లాడాల్సింది ఆ పైసల గురించే. 'కూలి పెరిగింది, ధర పెంచండి' అంటే ఎవరూ వినరు. కిలోకు ఎన్ని పైసలు, ఏ తేదీ నుంచి, ఎందుకు అని కాగితం మీద చూపిస్తే కొందరైనా ఒప్పుకుంటారు. ఒప్పుకోని భాగాన్ని యూనిట్ లోపల వెతకాలి. డొక్కల లారీ రాక మిషను ఆగిన గంటలు, బెల్టు తెగి ఆగిన గంటలు, తేమ ఎక్కువని లోడు వెనక్కి వచ్చిన సార్లు, పనివాళ్లు మానేసి కొత్తవాళ్లు నేర్చుకునే దాకా తగ్గిన ఉత్పత్తి, వీటికి ఒక నెల రిజిస్టరు పెట్టండి. రోజుకు గంట మిషను ఆగితే 8 గంటల కూలిలో ఎనిమిదో వంతు గాలికి పోయినట్టే. మీ లెక్కలో అది కిలోకు 70 పైసల పైమాటే, పెంచబోయే కూలికన్నా ఎక్కువ. ఆ ఆగడానికి పనివాడు బాధ్యుడు కాదు, దాన్ని సరిచేయాల్సింది యజమానే.

ఇంకొకటి. జీతాన్ని బేసిక్ కొంచెం, అలవెన్సులు బోలెడు అని విడగొట్టే పాత పద్ధతి ఇక నడవదు. మినహాయించే అలవెన్సులు మొత్తం జీతంలో సగం దాటితే, దాటిన భాగాన్ని వేతనంగానే లెక్కిస్తారు. ఆడవాళ్లకు తక్కువ, మగవాళ్లకు ఎక్కువ అనే రేటు మీ దగ్గర ఉంటే, ఒకే పనికి అది చట్టవిరుద్ధం. సరిచేసేటప్పుడు ఎక్కువ ఉన్నదాన్ని తగ్గించకూడదు, తక్కువ ఉన్నదాన్నే పెంచాలి. వేతన స్లిప్పు నెలనెలా ఇవ్వండి. రేపు ఎవరైనా క్లెయిము వేస్తే మిమ్మల్ని కాపాడేది అదే.

*ప్రశ్న: తాడేపల్లిగూడెం వైపు రైస్ మిల్లులో జట్టు కూలీలం, 40 మందిమి. రెండేళ్లకోసారి రేటు పెంచాలని నోటిమాట ఉంది. ఈసారి మూడో ఏడు వచ్చినా పెంచలేదు. దాళ్వా (రబీ) ధాన్యం దిగే రోజుల్లో ఒక్కసారిగా పని ఆపేద్దామని కుర్రాళ్లు అంటున్నారు. ఆపవచ్చా?*

— జట్టు పెద్ద

జవాబు: ఆపే హక్కు ఉంది, కానీ రేపు పొద్దున్నే ఆపడానికి కుదరదు. ఇప్పుడు ఏ పరిశ్రమలోనైనా సమ్మెకు రాతపూర్వకంగా నోటీసు ఇవ్వాలి. ఇచ్చాక 14 రోజులు ఆగాలి. ఆ నోటీసు 60 రోజులే పనిచేస్తుంది. లేబర్ అధికారి రాజీ చర్చలు మొదలుపెడితే అవి నడిచినంత కాలం, ముగిశాక ఇంకో 7 రోజులు ఆపకూడదు. సగం మంది గానీ అంతకన్నా ఎక్కువ మంది గానీ కూడబలుక్కుని ఒకే రోజు సెలవు పెట్టినా అది సమ్మె కిందికే వస్తుంది. నోటీసు లేకుండా పది మంది గానీ, పైన గానీ కట్టగట్టుకుని మానేస్తే, పని షరతుల్లో రాసి ఉన్న చోట 8 రోజుల కూలి దాకా కోసే వీలు కూడా యజమానికి ఉంది. కుర్రాళ్లకు ఇది ముందే చెప్పండి.

కాబట్టి తేదీలు వెనక నుంచి లెక్క వేసుకోండి. దాళ్వా ధాన్యం మిల్లుకు రావడం మొదలయ్యే రోజుకు కనీసం రెండు నెలల ముందు డిమాండు పత్రం యాజమాన్యానికి అందాలి, లేబర్ ఆఫీసుకూ ఒక కాపీ వెళ్లాలి. మీ బలం పనికొచ్చేది బస్తాలు మిల్లు ముందు బారు తీరిన రోజుల్లోనే. చర్చలు ఆ రోజులకు వచ్చేలా చూసుకోవడం మీ చేతిలో పని.

యూనియన్ లేకపోతే ముందు అది రిజిస్టర్ చేయించండి. ఏడుగురు సంతకం చేస్తే దరఖాస్తు పెట్టుకోవచ్చు. సంస్థలో పనిచేసేవాళ్లలో 10 శాతం లేదా 100 మంది, ఏది తక్కువైతే అంత సభ్యత్వం ఉండాలి. మీ నలభై మందికి ఏడుగురు ఉంటే సరిపోతుంది, కానీ ఏడుగురితో బేరం గెలవలేరు. నలభై మందీ చేరాకే డిమాండు పత్రం ఇవ్వండి.

పత్రంలో 'రేటు పెంచాలి' అని ఒక్క మాట రాసి ఊరుకోకండి. లారీ నుంచి దింపడానికి ఎంత, లారీకి ఎక్కించడానికి ఎంత, కాటా దగ్గర మోత ఎంత విడివిడిగా రాయండి. బస్తా 40 కిలోలా, 50 కిలోలా, 75 కిలోలా అనేదాన్ని బట్టి రేటు మారాలి. లారీ నుంచి నెట్టు (బస్తాల దొంతర) దాకా ఇన్ని అడుగులు దాటితే అదనం. నెట్టు ఇన్ని వరసల పైకి వెళ్తే అదనం. రాత్రి పని రేటు, లారీ ఆలస్యమైతే కాచుకున్న గంటల రేటు, వాన రోజున పరదా కప్పే పని ఎవరిది, అది కూలిలో భాగమా, అదనమా, ఇవన్నీ ఉండాలి. నెట్టు ఎత్తు గురించి రాయని ఒప్పందాల్లో ఏడాది తిరిగేసరికి పాత రేటుకే నాలుగు వరసలు పైకి మోయిస్తారు, నడుము పోయేది అక్కడే.

ఒప్పందం కుదిరితే లేబర్ అధికారి సమక్షంలో రాయించండి. రాజీ చర్చల్లో కుదిరిన ఒప్పందం, తర్వాత చేరే కూలీలతో సహా అందరికీ వర్తిస్తుంది. ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా, ఆ తర్వాత ఎంత పెరుగుతుందో అంకెల్లో ఉండాలి. నోటిమాట వల్లే కదా మూడో ఏడు వచ్చింది.

*ప్రశ్న: మా లంక పక్క ఇటుక బట్టీలో ఒడిశా నుంచి వచ్చిన కుటుంబాలు ఉన్నాయి. అడ్వాన్సు తీరేదాకా వెళ్లనివ్వరట. వారానికి తిండి ఖర్చు మాత్రం ఇస్తారు. ఇందులో బయటివాళ్లం మేం చేయగలిగింది ఏమైనా ఉందా?*

— ఆత్రేయపురం వైపు నుంచి ఒక టీచరు

జవాబు: అడ్వాన్సు ఇచ్చి మనిషిని కదలనివ్వకపోవడం వెట్టిచాకిరీ. 1976 చట్టం దాన్ని రద్దు చేసింది, ఆ అప్పు తీర్చాల్సిన బాధ్యతను కూడా రద్దు చేసింది. కనీస వేతనం కన్నా తక్కువకు పని చేయించుకోవడం కూడా బలవంతపు చాకిరీయేనని ఏషియాడ్ (ఢిల్లీ ఆసియా క్రీడల) నిర్మాణ కార్మికుల కేసులో 1982లో సుప్రీంకోర్టు చెప్పింది. ఫిర్యాదు ఎవరైనా చేయవచ్చు, మీరూ చేయవచ్చు. బట్టీ యజమాని దగ్గరికి వెళ్లి వాదించకండి. రాత్రికి రాత్రే కుటుంబాలను వేరే బట్టీకి తరలించేస్తారు. నేరుగా కలెక్టరుకు గానీ ఆర్డీవోకు గానీ రాతపూర్వకంగా ఇచ్చి, రసీదు తీసుకోండి. బట్టీ ఎక్కడుందో, ఎన్ని కుటుంబాలో, పిల్లలు ఎంతమందో, అడ్వాన్సు ఎంత అంటున్నారో, వెయ్యి ఇటుకలకు రేటు ఎంతో, ఎప్పటి నుంచి వెళ్లనివ్వడం లేదో తెలిసినంతవరకు రాయండి. ఒడియా తెలిసినవాళ్లు విచారణకు రావాలని అందులోనే కోరండి. లేకపోతే మేస్త్రీయే దుభాషిగా నిలబడి 'ఇష్టపడే ఉంటున్నాం' అని చెప్పిస్తాడు.

విచారణలో నిజమని తేలితే విడుదల పత్రం ఇవ్వాలి. దాని మీదే సాయం ఆధారపడి ఉంటుంది. తక్షణ సాయం 30,000 దాకా ఉంది. పెద్ద మొత్తం, మగవాళ్లకు లక్ష, ఆడవాళ్లకూ పిల్లలకూ 2 లక్షలు, కేసు విచారణతో ముడిపడి తర్వాత వస్తుంది. కుటుంబాలు సొంత ఊరికి వెళ్లిపోయినా ఆ సాయం అక్కడి జిల్లా ద్వారా అందాలి కాబట్టి, రైలు ఎక్కే ముందు ప్రతి ఒక్కరి చేతిలో ఆ పత్రం అసలు కాపీ, బ్యాంకు పాసుబుక్కు ఉన్నాయో లేదో చూడండి. పత్రంలో పేరు, ఊరు, వయసు ఆధార్‌లో ఉన్నట్టే రాశారా అని అక్కడే సరిచూపించండి. ఒక అక్షరం తేడా ఉన్నా అక్కడి ఆఫీసు ఫైలు వెనక్కి పంపుతుంది, అది మళ్లీ ఇక్కడికొచ్చి సరిచేయించుకోవడానికి ఆ మనుషుల దగ్గర చార్జీలు ఉండవు.